విస్తరి పక్కన సీసా

పెదనాన్న పోయాడని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను నరసరావుపేటలో, నేను పనిచేసే స్కూలు లైబ్రరీలో ఉన్నాను. నాన్న గొంతు ముద్దగా ఉంది. ఏడ్చినందుకా, తాగినందుకా అని ముందు అనుమానం వచ్చింది. సొంత అన్న పోయిన మనిషి గురించి కూతురికి రాకూడని ఆలోచనే. కానీ ఉదయం పదకొండింటికి మా ఇంట్లో ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి.

గురజాల వెళ్లేసరికి పెదనాన్న ఇంటి ముందు షామియానా కింద కుర్చీలు వేశారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు అప్పటికే పోస్టుమార్టం పూర్తిచేశారు.

"మందు మానబట్టే పోయాడంట."

"ముప్పై ఏళ్ల అలవాటు. ఉన్నట్టుండి తీసేస్తే ఒళ్లు ఊరుకుంటదా?"

తాగి తాగి పోయినవాళ్ల గురించి ఈ కుర్చీల్లో ఎవరూ ఇంత సూటిగా కారణం చెప్పగా నేను వినలేదు. వాళ్లకు గుండెపోటు వస్తుంది, కామెర్లు వస్తాయి, దిష్టి తగులుతుంది. రెండేళ్లుగా తాగని మనిషి పోతే మాత్రం చంపింది మానడమే. నాన్న తల ఊపుతూ కూర్చున్నాడు. నెల కిందట ఆసుపత్రి మంచం మీదున్న పెదనాన్న చెయ్యి పట్టుకుని, "నేనూ డాక్టరు దగ్గరికి పోతాలే అన్నా" అని మాటిచ్చింది ఈయనే. ఆ మాట నుంచి తప్పుకోవడానికి ఇప్పుడు చుట్టాలందరూ కలిసి దారి చూపిస్తున్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. పెదనాన్నను చంపింది ఏదో, బతికించింది ఏదో చుట్టాలు తారుమారు చేయకముందే.

ఆయన దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటులో సెక్యూరిటీ. లోడింగుకు వచ్చిన లారీ డ్రైవర్ల నోటికి మిషన్ పెట్టి ఊదించడం ఆయన పని. తాగి ఉంటే అది కూత పెడుతుంది, లారీ లోపలికి పోదు. వెనక్కి పంపినవాళ్ల సంగతి సాయంత్రం ఇంటికొచ్చి చెప్పేవాడు. "ఎదవలు. పొద్దున్నే కంపు" అంటూ క్వార్టర్ మూత తిప్పేవాడు. ఆయన డ్యూటీలో తాగడు. నోరు చేసుకోడు, చెయ్యి చేసుకోడు. ఇస్త్రీ చేసిన తువ్వాలు భుజాన వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, ప్రతిరోజూ తాగుతాడు. మా బంధువులు ఆయన్ను పద్ధతైన మనిషి అనేవాళ్లు. మా ఇళ్లలో మగవాడు కొట్టకపోతే అది తాగుడు కిందికి రాదు. ఎదురుగా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న నేను కూడా అలాగే సరిపెట్టుకున్నాను. చూసీ చూడనట్టు ఉండటం మర్యాద అనుకునేదాన్ని. అది పిరికితనం.

రోజూ పొద్దున ఆరింటికి డ్యూటీ మొదలుకాగానే ఎవరో ఒకరు ఊది మిషన్ పనిచేస్తోందో లేదో చూడాలి. ఆ పని ఇంకో గార్డు చేసేవాడు. ఒకరోజు అతను సెలవు పెట్టాడు. పెదనాన్నే ఊదాడు. కూత పెట్టింది.

"మిషన్ పాడైపోయింది" అన్నాడు.

గేటు ముందు ఊడుస్తున్న ఆమెను పిలిచి ఊదమన్నాడు. చప్పుడు లేదు. మళ్లీ తను ఊదాడు. కూత. తుడిచి, బ్యాటరీలు మార్చి ఊదాడు. కూత.

"సారూ, మిషన్‌కేం రోగం లేదు. మూతికే" అందట ఆమె.

రాత్రి తాగింది పొద్దుటికి కూడా ఒంట్లో నుంచి పోలేదు. వెనక్కి పంపిన డ్రైవర్లు కూర్చునే బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు. అక్కడున్న డ్రైవరు పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఏంది సార్, మీరూ మా బ్యాచేనా?"

ఇదంతా నాకు ఆయనే చెప్పాడు. "నీకు చెప్తే గోడకి చెప్పినట్టే అమ్మాయ్, తిరిగి ఒక్క మాటనవు" అన్నాడు. నేను దాన్ని పొగడ్తగా తీసుకున్నాను. అప్పటికి నేను అంతే.

ఆ తర్వాత గుంటూరులో మందు మాన్పించే ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నాడు. తిరిగొచ్చాక కొన్నాళ్లు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. కొన్ని నెలలకు ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మ పంపు దగ్గర బిందె నింపుతుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నిన్న తాగా. ఎవురూ పొయ్యలా, నేనే పోసుకున్నా. ఇయ్యాల మళ్లీ డాక్టరు దగ్గరికి పోతన్నా."

మా వంశంలో ఎవరో బలవంతం చేశారని చెప్పని తాగుబోతును చూడటం నాకు అదే మొదలు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను సాకు లేని వాక్యం ఎలా ఉంటుందో ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆయన ముట్టలేదు. కంపెనీ కోసం ఒక్క చుక్క అన్నవాళ్లతో, "తాగకపోతే నీ కంపెనీ అంత చప్పగా ఉంటదా?" అనేవాడు. తాగుబోతునని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుగా లేదా అని నాన్న అడిగాడు. "తాగేటప్పుడు రాని సిగ్గు చెప్పేటప్పుడు ఎందుకొస్తదిరా?" అన్నాడు.

లివర్ అప్పటికే చెడిపోయింది. "మానబట్టే ఈ రెండేళ్లన్నా ఉన్నారు" అని డాక్టరు చెప్పింది నాన్న ముందే.

పెద్దకర్మ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఫొటో ముందు విస్తట్లో పెడతారు. గోంగూర పెట్టారు, కోడికూర పెట్టారు, గారెలు పెట్టారు. విస్తరి పక్కన ఒక క్వార్టర్ సీసా, గ్లాసు. తెచ్చింది నాన్న.

"అన్నకిష్టం గదా" అన్నాడు.

ఆ తర్వాత సీసాను మగవాళ్లు ప్రసాదంలా పంచుకుంటారు. ఇద్దరు అప్పుడే గ్లాసులు వెతుకుతున్నారు. బతికున్న మనిషి చేత రెండేళ్లు తాగించలేకపోయినవాళ్లు ఆయన ఫొటో చేత తాగిస్తున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "నాన్నా, పెదనాన్న మానేశాడు. అది ఎవరికి?"

"ఏమే, పెద్దోళ్ల మధ్యలో నీకేంది?" అన్నారు వెనక నుంచి ఎవరో.

పెద్దమ్మ వంగి సీసా తీసి నాన్న చేతిలో పెట్టింది. "ఇది మీ అన్నది కాదయ్యా, నీది. నీదని చెప్పి తాగు."

నాన్న చెప్పలేదు. మూత తియ్యలేదు, కింద పెట్టలేదు. భోజనాలు అయ్యేదాకా ఎండలో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చేతిలో నుంచి దాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

సోమవారం పొద్దున ఫోన్ చేసి, "డాక్టరు దగ్గరికి పోతన్నా. వస్తావా?" అని మాత్రం అడిగాడు.

ఆసుపత్రి కౌంటరు దగ్గర పెద్ద లైను. చీటీ రాసే అమ్మాయి తలెత్తకుండానే "ఏంటి సమస్య?" అంది. నాన్న నా వైపు చూశాడు. నేను చెప్పలేదు.

"తాగుతానమ్మా" అన్నాడు.

"వినపడట్లా. గట్టిగా చెప్పండి."

వెనక లైనులో వాళ్లు మెడలు చాచి చూశారు. నాన్న చొక్కా పైగుండీ పెట్టుకుని, మళ్లీ చెప్పాడు.