ఆ కోపం మా బిడ్డది కాదు

మా బిడ్డకు పదిహేనేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువే గానీ ఉన్న మాటలతో పని జరుపుకుంటుంది. దాహమైతే "నీళ్లు" అంటుంది. బయట విసుగొస్తే "ఇల్లు" అంటుంది. చిక్కుడుకాయలు గిల్లడమంటే ప్రాణం. మందమర్రిలో మా క్వార్టర్ ముందు అరుగు మీద కూర్చుని, వాడకట్టు ఆడవాళ్లు తెచ్చిచ్చిన కాయలు కూడా ఒక్క ఈనె మిగలకుండా గిల్లిపెట్టేది. నేను బొగ్గు గనిలో ఫిట్టర్ని. డ్యూటీ దిగి వస్తే నా చేతులు వాసన చూసి, సబ్బు వాసన ఉంటేనే పక్కన కూర్చోనిచ్చేది. ఎవరి మీదా చెయ్యెత్తిన పిల్ల కాదు. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత చెబితే ఎవరూ నమ్మలేదు.

ఎదిగే వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. కరీంనగర్‌లో ఒక డాక్టరు గోళీ రాశాడు. కొంతకాలం బాగానే ఉంది. ఆమె పెరిగిన కొద్దీ మళ్లీ వచ్చాయి. ఒక పొద్దున నల్లా దగ్గర పళ్లు తోముకుంటూ పడిపోయింది. సిమెంటు తొట్టి అంచు తగిలి కనుబొమ మీద చీరుకుపోయింది. కుట్లు వేయించి, తెల్లారి కరీంనగర్ బస్సెక్కాం.

"ఒక్క గోళీతోని ఆగుత లేవు. దీని డోసు ఇంక పెంచలేం. రెండోది కలుపుదాం" అన్నాడు డాక్టరు.

"దానితోని ఏమన్న ఇబ్బంది ఉంటదా సార్?" అని నా భార్య అడిగింది.

"జర మత్తుగ ఉంటది. ఫికర్ చేయకున్రి."

చెప్పింది అంతే.

ఉన్నమాట చెప్పాలి, ఫిట్స్ తగ్గాయి. రెండో మందు ఆ పని చేసింది. కానీ మూడు నాలుగు వారాలు తిరగకముందే మా ఇంట్లో ఉన్న పిల్ల వేరే పిల్ల అయింది. చిక్కుడుకాయల చాట ముందు పెడితే ఎత్తి వాకిట్లోకి విసిరేది. తల దువ్వబోతే కేకలు. తన మణికట్టు తానే కొరుక్కునేది. గోడకు తల కొట్టుకునేది. అడ్డం పోయిన తల్లి ముంజేతిని కండ ఊడేలా కొరికింది. ఆ గాటు ఏమిటని ఈ రోజుకీ ఎవరైనా అడిగితే నా భార్య "బిడ్డ కొరికింది" అనదు. "గోళీ కొరికింది" అంటుంది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి "మళ్ల చూపిచ్చుకోనికి వచ్చినప్పుడు సార్‌కు చెప్పున్రి" అని పెట్టేసింది. మంచిర్యాలలో మా బిడ్డ పోయే స్పెషల్ స్కూలు వాళ్లు పిలిపించి, "కొన్ని దినాలు ఇంట్లనే ఉంచున్రి, మిగతా పిల్లలు భయపడుతున్నరు" అన్నారు. మా అన్న వచ్చి చూసి, "వేములవాడ పోయి రాజన్నకు కోడె కట్టి మొక్కు తీర్చుకొని రారాదుర" అన్నాడు. రాజన్న మీద నాకు భక్తి ఉంది. కోడె కడతాను. కానీ ఈ గోళీ రాసింది రాజన్న కాదు కదా.

ఆపేద్దామా అని రోజూ అనుకునేవాళ్లం. మూర్ఛ మందు ఉన్నపళాన ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుందని విన్నాం కాబట్టి ఆపలేదు. ఏ గోళీ తిని మా బిడ్డ గోడకు తల కొట్టుకుంటోందో, ఆ గోళీనే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మా చేతులతో మింగించాం. అంతకంటే ఘోరం నేను గనిలో కూడా చూడలేదు.

చెప్పిన గడువుకు మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. బిడ్డ కుర్చీలో కూర్చోలేక తలుపు తన్నుతోంది. ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, "ఫిట్స్ తగ్గినయి గద, మంచిగనే పనిచేస్తుంది" అన్నాడు.

"ఫిట్స్ తగ్గినయి సార్. గానీ పిల్ల మారిపోయింది. గీ గోళీ మొదలువెట్టినంకనే" అన్నాను.

"ఆటిజం పిల్లలు గట్లనే ఉంటరు. వయసు గూడ వచ్చింది."

"మొన్నటిదాంక ఆటిజం లేదా సార్? అప్పుడు గిట్ల లేకుండె" అంది నా భార్య.

"అమ్మా, డాక్టర్ నువ్వా నేనా?" అని, పడుకోబెట్టేందుకు మూడో గోళీ రాశాడు.

బయటికొచ్చాక నా భార్య ఆ చీటీ మడిచి సంచిలో వేసి, "గిది నా బిడ్డ నోట్ల పెట్ట. పెడితే ఏడ్వనీకి గూడ తెలివి ఉండదు దానికి" అంది. మందుల షాపు ముందు నుంచే బస్టాండుకు నడిచాం.

తెలిసినవాళ్లనల్లా అడిగితే, కరీంనగర్‌లోనే పిల్లల మూర్ఛ చూసే ఇంకో డాక్టరు ఉందని తెలిసింది. పోయాం. ఆమె మందుల చీటీ కంటే ముందు మా బిడ్డను చూసింది. గదిలో ఫ్యాను చప్పుడుకు చెవులు మూసుకుంటోందని ఫ్యాను ఆపించింది. తర్వాత మమ్మల్ని అడిగింది: "రెండో మందుకు ముందు బిడ్డ ఎట్లుంటుండె?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా భార్య చిక్కుడుకాయల దగ్గర మొదలుపెట్టి, సబ్బు వాసన దాకా చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"గీ మందు కొందరికి పడదు. ఫిట్స్ ఆపుతది గానీ మనిషికి విపరీతమైన చిరాకు తెస్తది. నాకైతే నోరుంది, చిరాకైతుందని చెప్త. తను ఎట్ల చెప్పాలె?"

"ఇది కొత్తగ కనుక్కున్న సంగతా మేడం?" అని అడిగాను.

"కాదు. మందు డబ్బల పెట్టే కాగితం మీదనే ఉంటది."

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. కాగితం మీద అచ్చువేసి ఉన్న సంగతి మాకు చెప్పడానికి ఆ పెద్దమనిషికి నోరు రాలేదు. మేము చెబితే వినడానికి చెవి రాలేదు.

రెండో మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ, దాని బదులు వేరే మందును అంతకంటే మెల్లగా పెంచాలని ఆమె రాసిచ్చింది. ఒంటి మీద దద్దు కనబడితే ఆగకుండా రావాలని, మధ్యలో ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టొద్దని మా ఇద్దరితో తిరిగి చెప్పించుకుంది. మధ్యలో ఒకసారి ఫిట్ వచ్చింది కూడా. డాక్టరమ్మ చెప్పినట్టే నా భార్య చేసింది. ఆ రెండో గోళీ పూర్తిగా పోయేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటికి బిడ్డ కొరకడం మానింది. తల దువ్వించుకుంది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. ఎప్పుడో ఒకటి వస్తోంది. దానికి మేము సిద్ధంగానే ఉన్నాం.

నా కడుపుమంట మాత్రం ఆరలేదు. ఒక సెలవు రోజు ఒక్కణ్నే మొదటి డాక్టరు దగ్గరికి పోయాను. అందరిలాగే నంబరు తీసుకుని కూర్చున్నాను. పిలిచాక జరిగింది చెప్పాను.

"అందరికి గట్ల కాదు" అన్నాడు.

"కాదు సార్, నిజమే. గట్ల అయిన పిల్లకు చెప్పుకోనీకి మాట రాదు. అందుకే తల్లిదండ్రులకు ముందుగాల చెప్పాలె. మేము చెప్తే నమ్మాలె."

ఆయన బెల్లు కొట్టి తర్వాతి నంబరు పిలిచాడు. తలుపు తీసుకుని అవతలివాళ్లు వచ్చేదాకా నేను లేవలేదు. లేచేముందు, "వీళ్లకన్న చెప్పున్రి సార్" అన్నాను.

స్కూలు వాళ్లు మా బిడ్డను మళ్లీ రానిచ్చారు. మొదటి రోజే టీచరమ్మ సంబరంగా ఎదురొచ్చి, "ఆటిజం బాగ తగ్గినట్టుంది గదన్నా" అంది. మంచి మనసుతోనే అంది. అయినా ఊరుకోలేకపోయాను.

"ఆటిజం ఏం తగ్గలేదమ్మా, ఎంత ఉన్నదో అంతనే ఉన్నది. మీరు ఇంటికి తోలింది గోళీని చూసి" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. నేను సర్దిచెప్పలేదు.