గేటు దగ్గర నిలబెట్టిన చుక్క

నేను చెప్పే పాఠమే భూతకాలం. అయినా భూతాలున్నాయని ఏనాడూ నమ్మలేదు. పోయినవాళ్ల గురించి ఇన్నేళ్లు క్లాసుల్లో ఏవేవో చెప్పాను, వాళ్లలో ఒక్కరూ వచ్చి నన్ను సరిదిద్దలేదు. బతికున్న విద్యార్థులే నా మాట వినరు, చచ్చినవాళ్లు వింటారని ఎలా అనుకుంటాను?

మద్దిలపాలెం దగ్గర ఒక కాలేజీలో హిస్టరీ లెక్చరర్ని. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు మన రేవు మీద బాంబులు వేసిన రోజు గురించి చెబుతుంటే క్లాసు మొత్తం ఆవలించేది. అది చూసి జాలిపడి, మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన ప్రశాంతి ఆ రోజును టచ్ స్క్రీన్ మీదికి తెచ్చింది. తనకు కంప్యూటర్ విద్య తెలుసు. నాకు తెలిసిన ప్రోగ్రాం ఒక్కటే, కాలేజీ వార్షికోత్సవం.

భోజనాల బల్లంత తెర. దాని మీద ఆనాటి రేవు, కొండ, ఓడలు. మనుషులేమో చుక్కలు. కింద ఒక పట్టీ ఉంటుంది, దాన్ని వేలితో జరిపితే కాలం నడుస్తుంది. విమానాలు వస్తాయి, బాంబు పడినచోట ఎర్ర వలయం విచ్చుకుంటుంది, అందులో చిక్కిన చుక్కలు బూడిద రంగుకు తిరుగుతాయి. ఆవలింతలు ఆగిపోయాయి. పిల్లలు పట్టీని వెనక్కి లాగి కూలీలను బతికించేవారు, ముందుకు తోసి మళ్లీ చంపేవారు. నవ్వుకుంటూ చంపేవారు. నాకది కొంచెం ఇబ్బందిగానే ఉండేది. కానీ క్లాసుకు హాజరు పెరిగింది కదా అని ఊరుకున్నాను.

మేం చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆ ప్రోగ్రాంలో ప్రతి చుక్కకూ ఒక చోటు ఇచ్చి తీరాలి, ఖాళీ వదిలితే ఒప్పుకోదు. పాత పత్రికలు తిరగేసి, పెద్దవాళ్లను అడిగి కొందరి చోట్లు తేల్చాం. ఎక్కడ పోయారో తెలియనివాళ్లందర్నీ రేవు గేటు దగ్గర నిలబెట్టి, తర్వాత సరిచేద్దాం అనుకున్నాం. చరిత్రలో ‘తర్వాత’ అంటే చాలా పెద్ద కాలం.

అలా నిలబెట్టినవాళ్లలో యాకోబు ఒకడు. ప్రశాంతి మామ్మ మరియమ్మగారికి తండ్రి, రేవులో ఖనిజం మోసే కూలీ. ఆ రోజు పనికి వెళ్లి తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లు దొరికినవి దొరికినట్టు గంపల్లో ఎత్తుకొచ్చారట. ఆయన ఖనిజం మోసిన గంపల్లాంటివే. మరియమ్మగారి తల్లి ఒక్కో గంప దగ్గరా వంగి చూసింది. ఒక దాంట్లో చెయ్యి, ఒక దాంట్లో చెప్పుతో సహా పాదం. ఏదీ తన భర్తది కాదంది. అప్పటికి చాలా చిన్నపిల్లయిన మరియమ్మగారు ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని అన్నీ చూశారు.

అందుకని యాకోబుకు సమాధి లేదు. ఏటా సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తే, మరియమ్మగారు తండ్రి కొవ్వొత్తిని ప్రహరీగోడ మీద పెడతారు. అది గాలికి ఆరిపోతుంది. ఆమెకు గుండె బలహీనం, మరో పండుగ చూస్తానన్న ధీమా లేదు. పోయేలోపు ఒక్కసారైనా ఆ కొవ్వొత్తిని నేల మీద, ఆయనున్న చోట పెట్టాలని ఆమె కోరిక. మా బొమ్మలో ఆ చోటు ఉంటుందేమోనన్న ఆశతో ఒక మధ్యాహ్నం గోపాలపట్నం నుంచి ఆటోలో వచ్చారు.

ప్రశాంతి చుక్కను చూపించింది. మరియమ్మగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి నా వైపు తిరిగారు.

“ఏటి బాబూ, మా నాన్నని గేటు కాడ నిలబెట్టీసినారు? ఆయన వాచ్‌మేనేటి?”

“చోటు తెలీకండీ...”

“తెలీకపోతే మీ ఇంటికాడ నిలబెట్టుకోపోనారా.”

“మామ్మా, సారు పెద్దోరు,” అని ప్రశాంతి గొణిగింది.

“పెద్దోరైతే ఏటి, నాకన్నానేటి?”

నేను పట్టీ జరిపాను. జవాబులు లేనప్పుడు మాస్టర్లు బోర్డు వైపు తిరిగేది ఇలాగే.

గేటు దగ్గరి చుక్క కదిలింది.

ప్రశాంతి మార్చిందేమో అనుకుని ఆమె వైపు చూశాను. నేనే ఏదో నొక్కానేమో అని ఆమె నా వైపు చూస్తోంది. చుక్క ఓడల పక్కనుంచి ఖనిజం గుట్ట దాకా వెళ్లి నీటి అంచున ఆగింది. విమానాలు వచ్చాయి. మిగతా చుక్కలు కొండ వైపు పరుగెత్తాయి. ఇది మాత్రం రెండడుగులు వెనక్కి వచ్చి, మళ్లీ ఆగింది. మేం ఏ బాంబూ పెట్టని ఆ చోట ఎర్ర వలయం విచ్చుకుంది. చుక్క బూడిద రంగుకు తిరగలేదు. ముక్కలై చెదిరిపోయింది. మా ప్రోగ్రాంలో చుక్కలు ముక్కలు కావు.

“గంప పారీడానికి మనసొప్పలేదు మా నాన్నకి,” అన్నారు మరియమ్మగారు మెల్లగా. అని, ఆ చోట అరచెయ్యి ఆనించారు.

తెర పేలింది. పగిలింది అనను. కిటికీ అద్దాలు కూడా రాలాయి, పక్క క్లాసు పిల్లలు బెంచీల కింద దూరారు. కాసేపు చెవులు పనిచేయలేదు, ప్రశాంతి నోరు కదలడం మాత్రం కనిపించింది. నా ఎడమ ముంజేయి చీరుకుపోయి, రక్తం కారి, చొక్కా మోచేతి దాకా తడిసింది. తెర మీద చెయ్యి పెట్టిన మరియమ్మగారి అరచేతికి చిన్న గీత కూడా పడలేదు.

పిల్లలకు ఇన్నాళ్లూ చుక్కలు చూపించినవాణ్ణి, కుట్లు వేస్తుంటే నేనే చూశాను. డాక్టరు నా చేతిలోంచి తీసింది గాజు కాదు. గోరంత మందాన, అంచులు మెలితిరిగిన ఇనుప ముక్క. లోపలిదాకా తుప్పు.

“ఏం మాస్టారూ, మీరు పాఠం చెప్పేది క్లాసు రూములోనా, ఓడల్ని విరగ్గొట్టే చోటనా?” అన్నాడాయన.

తెర అమ్మిన కంపెనీ మనిషి వచ్చి కరెంటు హెచ్చుతగ్గులన్నాడు. సరే అన్నాను. ఇనుప ముక్క చూపిస్తే, ఇలాంటిది మా సరుకులో ఎక్కడా ఉండదన్నాడు. ప్రశాంతి ప్రోగ్రాం అంతా వెతికింది. అందులో యాకోబు గేటు దగ్గరే ఉన్నాడు, కదిలినట్టు ఎక్కడా లేదు. ఆ నీటి అంచున బాంబు పడిందని ఏ పత్రికలోనూ ఇప్పటికీ నాకు దొరకలేదు. మేం ముగ్గురం చూశాం. ముగ్గురి మాట తప్ప సాక్ష్యం లేని సంగతిని నేనే క్లాసులో కొట్టిపారేస్తాను.

ఆ ఏడు సమాధుల పండుగకు నన్నూ రమ్మన్నారు. మరియమ్మగారు తల్లి సమాధి పక్కన మట్టి తవ్వించి, ఇనుప ముక్కను తెల్లగుడ్డలో చుట్టి అందులో దించారు. ఫాదర్‌గారు ఏమిటని అడిగితే, “మా నాన్నండీ,” అన్నారు. ఆయన మరి అడగలేదు, ప్రార్థన చదివారు.

కొవ్వొత్తిని ఆమె నేల మీద పెట్టారు. ఆ సాయంత్రం సముద్రం మీంచి గాలి గట్టిగానే కొట్టింది. గోడ మీద ఎవరివో నాలుగైదు ఆరిపోయాయి.

నా ముంజేతి మీద మచ్చ ఉంది. చరిత్ర రాసేటప్పుడు ఆధారం చూపించమంటారు. నేను చొక్కా చెయ్యి మడిచి చూపించగలను, అంతే. ఆ ఇనుము నా ఒంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను.