వశిష్ఠుడి పక్కన ఇంకొకడు: అల్ ఖూజ్ నుంచి అవీర్ ఇసుకదిబ్బల దాకా

దుబాయ్‌లో మా సైటు ఫోర్‌మన్ పోయిన వారం మెస్సులో అందరి ముందూ నా చేతిలోని నక్షత్రాల పుస్తకం లాక్కుని నిలువునా చింపాడు. కాంక్రీటుకు చెక్కలు బిగించి షట్టరింగ్ కొట్టేవాళ్లకు చుక్కల గొడవ దేనికి, ఖలాస్ అన్నాడు. అది తప్పు, చేసింది అతనే, ఈ మాట ఎక్కడైనా చెబుతాను. నేను మీదికి పోబోతే మా గది పెద్ద, కరీంనగర్ వైపు రాజన్న, చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. గదిలోకి వచ్చాక ఆయనన్న మాట నన్ను అంతకంటే మండించింది.

"నువ్వు సదివేటియి మంచిగనే ఉన్నయి తమ్మీ. గని ఒక్క చుక్కల రెండుంటయంటే ఎవడు నమ్ముతడు? నా కండ్లకు చూపియ్యి. లేకుంటె శుక్రారం సదువుడు బందు."

గదిలో పన్నెండు మందీ ఆయన మాట మీదే నడుస్తారు. శుక్రవారం శుక్రవారం నేను పుస్తకం చదివి గదికంతా వినిపించే, ఆరు నెలలుగా నడుపుకొస్తున్న మా చదువు నిలబడుతుందా, పోతుందా అన్నది ఆయన కళ్ల మీద పడింది. అందుకే రాజన్నా నేనూ బయలుదేరాం.

మార్చి నెల, అమావాస్య ముందరి శుక్రవారం. మూడు గంటలకు మా క్యాంపున్న అల్ ఖూజ్‌లో కంపెనీ పికప్ ఎక్కితే బర్ దుబాయ్ రేవులో ఊరికే దించింది. అక్కడి నుంచి డేరాకు అబ్రా పడవ, మనిషికి పావు దిర్హం. డేరాలో నెల్లూరు మస్తాన్ భాయ్ ఉంటాడు, రోడ్లు కొలిచే సర్వేయరు. ఆయనకు సొంతంగా ఒక పాత థియోడొలైట్ ఉంది, మూడు కాళ్ల మీద నిలబెట్టి కొలతలు తీసే దుర్బీను. సంగతి చెప్పగానే నవ్వాడు.

"దీంతో కల్వర్టులు చూశా గానీ చుక్కల్ని చూళ్లేదు అబ్బయా. నేనూ వస్తా పదండి. పెట్రోలుకు పది దిర్హాలు మాత్రం మీవే."

ఆరింటికి ఆయన బండిలో అవీర్ దారి పట్టాం. మస్తాన్ భాయ్ సందెవేళ మగ్రిబ్ నమాజు కోసం దారిలో ఒకచోట ఆగి, ఏడున్నరకు ఊరి దీపాలు కనపడని చోటికి చేరాం. ఎనిమిదయ్యేసరికి ఈశాన్యాన సప్తర్షులు దిబ్బల మీదికి వచ్చారు. వశిష్ఠుణ్ణి చూపించాను.

"అరుంధతి పక్కనున్నోడే గదా!" అన్నాడు రాజన్న. "నా పెండ్లిల అయ్యగారు చూపిచ్చిండు. ఆ ఇద్దరి కోసం గింత దూరం తోల్కొస్తివా?"

"పెండ్లి ఎప్పుడైందన్నా?"

"పట్టపగలు." అనేసి తనే నవ్వాడు. "కనవడ్డదా అంటె కనవడ్డదన్న. అందరు గట్లనే అంటరు. గీసారి మాత్రం అన."

"అరుంధతిని పక్కకు పెట్టు. వశిష్ఠుడొక్కడే ఇద్దరు. అది చూడు."

తీరా నేను అద్దంలో కన్ను పెట్టి మర తిప్పితే చుక్క కిందికి జారింది. పైకి తెద్దామని తిప్పితే పూర్తిగా మాయమైంది. పావుగంట అదే తంతు. చిరాకెత్తి మూడు కాళ్లలో ఒకదాన్ని తన్నాను. మస్తాన్ భాయ్ గుడ్లురిమాడు: "అది నీ ఫోర్‌మన్ కాలు గాదురా, నా అన్నం!"

రాజన్న నన్ను పక్కకు జరిపాడు. "గీండ్ల అంత తలకిందులే కనవడ్తది తమ్మీ. రెండేండ్లు సర్వేయర్ల కాడ కొలతకర్ర పట్టిన, ఎర్కలేదా నాకు?" అని మరను నేను తిప్పిన దిక్కుకు ఎదురు తిప్పాడు. తర్వాత అద్దంలో కన్ను పెట్టి, మరను కొంచెం కొంచెంగా సర్దుతూ పోయాడు.

"మూడున్నయి," అన్నాడు చివరికి. "అరుంధతి దూరంగ ఉన్నది. వశిష్ఠున్ని ఆనుకొని ఇంకోడు, సన్నగ. నిజంగ కనవడ్డది తమ్మీ!"

ఆ ఊపులో ఆయన్ను పడమటికి తిప్పి కృత్తికలను చూపిస్తూ, పుస్తకంలో చదివింది చెప్పాను. వయసులో ఉన్న నక్షత్రాల గుంపు అది. అలాంటి గుంపే మహాదూరాన ఉంటే విడివిడిగా కనపడదు, అంతా కలిసి ఒక్క వెలుగు మరక. ఆ వెలుగును బట్టే వయసు కడతారు. నీలంగా మండే పెద్ద నక్షత్రాలు త్వరగా కాలిపోతాయి కనక, నీలం ఎక్కువుంటే గుంపు లేతది. అయితే ఆ పెద్దవాటిలో చాలావాటికి జోడీ ఉంటుంది. వశిష్ఠుడి జోడీ ఎడంగా ఉంది గానీ, బాగా దగ్గరగా తిరిగే జంటలో ఒకటి ఉబ్బితే దాని పదార్థం రెండోదానిలోకి పారుతుంది. పుచ్చుకున్నది బరువెక్కి మళ్లీ కుర్రదానిలా నీలంగా వెలుగుతుంది. ఇచ్చినదాని పైపొర ఊడి లోపలి వేడి బయటపడి, అదీ నీలంగానే వెలుగుతుంది.

రాజన్న గడ్డం గోక్కున్నాడు. "అంటె, అన్ని ఒంటియే అనుకొని చూసెటోడు గుంపు వయసు తక్కువ చెప్తడు గదా?"

పుస్తకం ఆఖరి రెండు పేజీలూ చెప్పింది అదే. మూడో తరగతితో బడి మానేసిన మనిషి ఇసుకలో నిలబడి దాన్ని తనంతట తాను తేల్చాడు. తిరుగు పడవలో ఆయనే అన్నాడు: "మన గదోల్లే ఎందుకు? పక్క క్యాంపోల్లను గూడ పిలువు."

ఈ ఊళ్లో లేచిన ప్రతి గోడకూ ముందు కొలతకర్ర పట్టి నిలబడింది మనవాళ్లే. ఆ చేతులకు ఆకాశం అందదని ఇక ఎవరు చెప్పినా నేను వినను. మీరు వెళ్లేట్టయితే ఒక జాగ్రత్త: ఇసుకలో దుర్బీను కాళ్లు దిగబడతాయి, ప్రతి కాలి కిందా అరచేతంత ప్లైవుడ్ ముక్క వేయండి. వచ్చే శుక్రవారం రాత్రి సరిగ్గా ఎనిమిది గంటలకు, అల్ ఖూజ్‌లో మా క్యాంపు వెనక దీపాల్లేని మైదానానికి అందరూ రండి. మస్తాన్ భాయ్ దుర్బీనుకు మర తిప్పేది రాజన్న.