అడ్డెవరు మాస్టారు

ఆ కాలేజీలో ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. పిల్లలకి ఆయన అడ్డెవరు మాస్టారు. వీడియో తయారీ నేర్పే విభాగంలో చివరి గది ఆయనది. ఏ జట్టు పిల్లలు తమ పాటకి వీడియో తీస్తామని వచ్చినా, కూర్చోమనకముందే రెండు ప్రశ్నలు మీద పడేవి. "మీ కథలో మనిషికి ఏం కావాలి? దానికి అడ్డెవరు?" వానలో నడిచే అమ్మాయి, బస్సు కిటికీలోంచి చూసే అబ్బాయి అంటూ ఎవరైనా నసిగితే, "అది క్యాలెండరు నాయనా, కథ కాదు" అని పంపేసేవారు.

మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీకు ఆయన మీద ఒళ్లు మండుతుంది. నాకైతే ఇప్పటికీ మండుతోంది.

కాలేజీకి రాకముందు ఆయన పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవారు. పెళ్లిలో అలిగి కూర్చున్న మేనత్త మొహం తీసేసి, ఆవిడే ఇంకెప్పుడో నవ్విన ముక్క తెచ్చి పెళ్లికూతురి పక్కన అతికించేవారు. ఏడాది తిరిగేసరికి ఆ మేనత్తే టీవీ ముందు కూర్చుని, "ఆ రోజు ఎంత సంతోషంగా గడిచిందో" అని కళ్లు తుడుచుకునేది. ముక్కల వరస మారిస్తే మనుషుల జ్ఞాపకాలు కూడా మారిపోతాయని ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తెలియక చేశారంటే పోనీలే అనుకుందుము.

ఆయన పాఠం చెప్పే తీరు మాత్రం చూడముచ్చటగా ఉండేది. గదిలో గోడ నుంచి గోడకి ఒక తాడు. ఒక్కో షాటుకి ఒక్కో అట్టముక్క, దాని మీద వంకరో టింకరో ఒక బొమ్మ. ఆ అట్టల్ని బట్టల క్లిప్పులతో తాడుకి తగిలించి, ఏది ముందు ఏది వెనక అని పిల్లలు జుట్లు పట్టుకున్నంత పనిచేసేవారు. షూటింగ్ అయ్యాక ఇంకో పరీక్ష. పాట ఆపేసి, బొమ్మ మాత్రం తెర మీద నడిపించేవారు. చూసినవాళ్లు కథ చెప్పాలి. చెప్పలేకపోతే అట్టలన్నీ మళ్లీ తాడెక్కాల్సిందే.

ఆ ఏడు ఆయన క్లాసులో ఒక వడ్రంగి కూతురుండేది. మాటలు తక్కువ, గొంతు బంగారం. పాట తనే కట్టింది, తనే పాడింది, వీడియో ఇంట్లోనే తీసుకుంది. అందులో కథ ఇంతే. ఒకమ్మాయి ఇంట్లో పాట రికార్డు చేసుకోవాలి. కిటికీలోంచి వీధిలోకి చూస్తే బయట ఒకటే రొద. తండ్రి సుత్తి తీసుకుని కిటికీకి అడ్డంగా పాత బొంత ఒకటి పెట్టి మేకులు కొడతాడు. వీధిలో అల్లరి చేస్తున్న పిల్లలకేసి చూసి, నోటి మీద వేలు పెట్టి "ష్" అంటాడు. ఆఖరున చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, బయటే నిలబడతాడు. అమ్మాయి పాడుతుంది.

పాట ఆపి చూపిస్తే క్లాసంతా కథ ఠక్కున చెప్పేసింది. మాస్టారికి మాత్రం ఆవులింత వచ్చింది.

"బాగానే ఉందమ్మా. మరి అడ్డెవరు?"

"ఎవరూ లేరండీ. మా నాన్న ఉన్నారు, అంతే."

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు లేచి తాడు దగ్గరికి వెళ్లారు. ఆయన చెయ్యి పడితే అట్టలు వాటంతటవే కదులుతాయని పిల్లలు అనుకునేవారు. కిటికీలోంచి వీధిలోకి చూస్తున్న అమ్మాయి ముందు. తర్వాత సుత్తి, మేకులు. బొంత కనబడకముందే ఆ షాటు కత్తిరించారు. అమ్మాయి పాడబోతూ నోరు తెరుస్తుంది. వెంటనే తండ్రి, నోటి మీద వేలు. వీధి పిల్లల్ని మొత్తానికే తీసేశారు. ఆఖరున మూసుకునే తలుపు. ఒక్క షాటు కొత్తగా తీయలేదు, ఒక్కటీ అబద్ధం కాదు.

ఆ వరసలో ఎడిట్ చేయించి, మళ్లీ పాట ఆపి చూపించారు. వెనక బెంచీలోంచి ఎవరో, "ఏం తండ్రిరా బాబూ" అన్నారు. మాస్టారు గాలిలో తేలిపోయారు.

"కానీ మాస్టారూ, ఈయన మా నాన్న కాదండీ" అంది ఆ పిల్ల.

"తెర మీద ఎవరి నాన్నలూ ఉండరమ్మా. అక్కడ ఉండేది పాత్ర."

ఆ మాట ఆయనకే ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్లి భార్యకి కూడా వినిపించారు. ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే, "ఆ పిల్ల వాళ్ల నాన్నకి చెప్పారా ఈ మాట?" అంది. మాస్టారు టీ అడిగారు.

కాలేజీలన్నీ కలిసి పెట్టుకునే పోటీ దగ్గరపడింది. మాస్టారు ఆ మొదటి బహుమతి కోసం మొహం వాచిపోయి ఉన్నారు. ఏటా ఎవరో ఒకరు తన్నుకుపోతూనే ఉన్నారు. ముందురోజు మధ్యాహ్నం ఆ పిల్ల గది గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, రేపు నాన్న కూడా వస్తానంటున్నారు. తెర మీద తనని చూసుకోవాలని ఒకటే సంబరం. మన పాత వరస పెట్టేద్దామండీ. కాపీ నా దగ్గరుంది."

ఇదిగో, ఇక్కడ ఆయన సరే అని ఉంటే ఈ కథ లేదు. చిన్న మాట, అంతకన్నా చిన్న పని. ఆ పిల్ల కళ్లలో భయం ఆయనకి కనబడింది కూడా. కానీ జడ్జీల చేతిలో కాగితాలు, చప్పట్లు, పక్క కాలేజీ మాస్టారి మాడిన మొహం అంతకన్నా స్పష్టంగా కనబడ్డాయి.

"మీ నాన్న సినిమాలు చూడరా ఏంటి? నటన అని ఆయనకి తెలియదా? నువ్వు బెంగపెట్టుకోకు, నేను మాట్లాడతాలే."

మాట్లాడలేదు.

మర్నాడు వడ్రంగి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వచ్చి కూర్చున్నాడు. మాస్టారు గోడ పక్కన నిలబడి చూస్తూనే ఉన్నారు. కూతురి వంతు రాగానే వడ్రంగి పక్కసీటులో పెద్దమనిషి వైపు వంగి, "ఇది మా అమ్మాయిదండీ. ఇందులో నేను కూడా ఉన్నాను" అన్నాడు. ఆ మాట మాస్టారికి వినబడింది. అప్పుడైనా వెళ్లి పక్కన కూర్చోవచ్చు. గోడనే అంటిపెట్టుకుని ఉండిపోయారు.

సుత్తి కనబడగానే వడ్రంగి మొహం వెలిగింది. అమ్మాయి నోరు తెరిచిన షాటు వెనకే ఆయన వేలు వచ్చేసరికి హాల్లో ఎవరో "థూ" అన్నారు. ఇంకెవరో, "నువ్వు నోర్ముయ్యవయ్యా ముందు" అని అరిచారు. హాలంతా వంత పాడింది. పక్కసీటు పెద్దమనిషి ఒకసారి ఆయనకేసి చూసి, మోచెయ్యి తన వైపుకి లాక్కున్నాడు. వడ్రంగి మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అలాగే ఉంచుకున్నాడు పాపం. తలుపు మూసుకుని, పాట అయిపోయి, చప్పట్లు మొదలయ్యాక తను కూడా చప్పట్లు కొట్టాడు.

మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది. జడ్జీ ఒకావిడ, "ఆ తండ్రి వేషం వేసినాయన్ని ఎక్కడ పట్టుకొచ్చారండీ? చూస్తుంటే ఒళ్లు మండిపోయింది" అని మైకు మాస్టారి చేతికిచ్చింది. ఆయన వేషం వేయలేదు, కూతురి పాట కోసం కిటికీకి బొంత కొట్టిన మనిషి ఆయన అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మాస్టారు గొంతు సవరించుకుని, "అంతా పిల్లల కష్టమండీ" అని మైకు తిరిగిచ్చేశారు. కుర్చీలో కూర్చున్నాక ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ బహుమతి ఇంకెవరికైనా ఇచ్చేయండి అని అరవాలనిపించింది. అరవలేదు.

వరండాలో వడ్రంగే వెతుక్కుంటూ వచ్చాడు. పక్కన కూతురు, కళ్లు ఉబ్బిపోయి. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"మా అమ్మాయిని పైకి తీసుకొచ్చారు మాస్టారూ. మీ మేలు మర్చిపోలేను."

"అయ్యా, మీరు నన్ను తిట్టాలి. ఆ వరస నాది. మీ అమ్మాయి తీసింది వేరు. మీరు బొంత కొట్టారు, వీధి పిల్లల్ని ఊరుకోమన్నారు, చప్పుడు రాకూడదని తలుపేశారు. అదంతా నేను కత్తిరించేశాను. మీరు అలాంటివారు కాదు." మాస్టారి మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. తల దించుకునే ఉన్నారు.

వడ్రంగి ఓపిగ్గా విన్నాడు. పెద్దవాళ్లు ఊరడిస్తుంటే వినాలి కదా, అలా విన్నాడు.

"నేను బాధపడకూడదని అంటున్నారు. మీరు మంచివారు కాబట్టి. కానీ అంత మంది చూశారు కదండీ, అందరికీ ఒకేలా కనబడింది. నన్ను నేను ఎప్పుడు చూసుకున్నాను? పనిలో ఉంటే విసుక్కుంటాను, నిజమే. దాని గొంతు ఎన్నిసార్లు నొక్కేశానో ఏమో. అది పైకి చెప్పలేక ఇలా చెప్పుకుంది."

"లేదు నాన్నా! నేను అలా అనలేదు!" అంది కూతురు.

"అన్నా తప్పు లేదమ్మా. మార్చుకుంటాను."

మాస్టారు ఇంకేదో చెప్పబోయారు. వీడియోల గురించి ఎన్ని గంటలైనా మాట్లాడగల మనిషి, తను చేసిందేమిటో ఒక్క మనిషికి నమ్మకం కలిగేలా చెప్పలేకపోయారు. నిజం చెప్పడంలో ఆయనకి అలవాటు తప్పిందో, ఆ అబద్ధం అంత బాగా కుదిరిందో.

కూతురు ఏడుస్తూ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెట్ల దగ్గర దాని క్లాసు పిల్లలు గుంపుగా నిలబడి ఇటే చూస్తున్నారు. వడ్రంగి వాళ్లని చూశాడు. కూతురి వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా విడిపించుకున్నాడు.

"వద్దమ్మా, నీ స్నేహితులు చూస్తున్నారు" అన్నాడు.