పై రెండు మడతలు

కొత్త లుంగీ మడత విప్పినప్పుడు వచ్చే గంజి వాసన అంటే నాకు ఇప్పటికీ కొంచెం భయం. ఆ వాసనతో పాటే ఈశ్వరమ్మ వదిన వచ్చి పక్కన నిలబడినట్టుంటుంది. సూరత్‌లో, భేస్తాన్‌లోని కార్ఖానాలో నేను సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాణ్ణి. మడతపెట్టిన గుడ్డ తాన్లు విప్పి అందులో తప్పులు పట్టడం ఆమె పని. వరసకు వదిన కాదు. ఇద్దరిదీ సిరిసిల్ల వైపు, పక్కపక్క గదులు, అంతే.

లాక్‌డౌన్ ఏడాది నాకు కరోనా వచ్చింది. దాన్ని మెడపట్టి తాపీ నదిలోకి గెంటేశానని గల్లీ అంతా చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, పద్నాలుగు రోజులు గోడవైపు తిరిగి ఏడ్చాను. షుగర్ అదుపులో లేకపోతే మళ్లీ రావచ్చనీ, వస్తే ఈసారి గట్టిగా పట్టవచ్చనీ డాక్టర్ అన్నాడు.

ఆ మాట వదినను పట్టుకుంది. ఆమెకూ ఏళ్లుగా షుగర్ ఉంది. "ఏంది మరిదీ, తీపికీ ఆ పురుగుకూ ఏం చుట్టరికం? జర చూద్దాం పా," అంది. ఆదివారం ఆదివారం పొద్దున తన షుగర్ మిషన్‌తో ఇద్దరి వేళ్లూ పొడిచి, అంకెలు క్యాలెండర్ మీద రాసేది. నా అంకె చూసి "శభాష్" అనేది. నేను మీసం తిప్పేవాణ్ణి. ఆ అంకె ఎలా వచ్చేదంటే, శుక్రవారం నుంచి జొన్నరొట్టె, తోటకూర, సగం ఉపవాసం. ఆదివారం వేలు కడుక్కున్న మరుక్షణం జిలేబీ కొట్టుకు.

మరుసటి ఏడాది కరోనా మళ్లీ వచ్చింది. ఈసారి గొప్పలు చెప్పడానికి ఊపిరే మిగల్లేదు. కోలుకుని ఇంటికి వస్తే వదిన క్యాలెండర్ ముందు కూర్చుని ఉంది. "నీవి మంచిగనే ఉండె గద! మరి మల్ల ఎందుకొచ్చె?" అంది. నేను పైకప్పు చూశాను. ఆమె మాత్రం ఆలోచించడం మానలేదు. మిషన్ తక్కువ చూపిస్తోందని తేల్చుకుంది. అలాగైతే తన షుగర్ కూడా ఎక్కువే ఉంటుందనుకుని, ఎవరికీ చెప్పకుండా షుగర్ గోలీలు రెండింతలు వేసుకోవడం మొదలుపెట్టింది.

వారం తిరక్కముందే ఒక పొద్దున ఆమె గడప పట్టుకుని జారిపోయింది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. షుగర్ మరీ పడిపోయిందనుకుని నేను చక్కెర నీళ్లు కలిపి తాగించాను. కాస్త తేరుకుని, "మిషన్ చెడిపోయింది మరిదీ, అందుకే గోలీలు పెంచిన," అంది.

"మిషన్ మంచిదే వదినా. నేనే చెడ్డోణ్ణి," అని శుక్రవారం ఉపవాసమూ జిలేబీ కొట్టూ అన్నీ కక్కేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లు వెలిగాయి.

"గట్లనా! గిప్పుడు సమజైంది!" అంది. చిక్కు విడినందుకే ఆ సంతోషం. తర్వాత నా వైపు తిరిగింది. "కార్ఖానల గూడ గంతే నువ్వు. పై రెండు మడతలు అద్దం లెక్క, లోపల తెగిన పోగులు. తాన్ మొత్తం విప్పేదాన్ని గదనె, మర్చిపోయినవా?"

సాయంత్రమే ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆమె గోలీలు తగ్గించాడు. నాకేమో, గడిచిన మూడు నెలల షుగర్ చెప్పే రక్తపరీక్ష ఒకటి ఉందనీ, రెండు రోజుల ఉపవాసం దాన్ని మోసగించలేదనీ చెప్పాడు. "మల్ల రావడానికి షుగరేనా కారణం?" అని వదిన నిలదీసింది. అదొక్కటే అని చెప్పలేననీ, షుగర్ పెరిగితే ఒంటికి తట్టుకునే బలం తగ్గుతుందనీ, బాగున్నవాళ్లకూ రావచ్చనీ అన్నాడు. దారంతా ఆమె దాన్నే నెమరేసింది.

మూడు నెలల తర్వాత ఆ పరీక్ష చేయించుకున్నాను, రిపోర్టు వచ్చింది. "ఎంత?" అంది. నాలుక మీదికి తక్కువ అంకె వచ్చేసింది. మింగేసి, ఉన్నది చెప్పాను.

"శానా ఎక్కువుంది," అంది వదిన, కొడుకు పాసైనంత సంబరంగా. "ఇగ దీన్ని దించుదాం."

ఆ తర్వాత రెండేళ్లు దించుతూనే ఉన్నాం. ఇప్పుడు ఆమె లేదు. నా గొప్పలు తగ్గలేదు. ఈ కథలో కూడా రెండు మూడు ఉండే ఉంటాయి. కానీ డాక్టర్ ముందు కూర్చుంటే, ఆయన అడగకముందే తినకూడనివి తిన్న రోజులు చెప్పేస్తాను.