పిడికెడు కొర్రలు

పోయిన వారం మా తమ్ముడు జమ్మలమడుగు నుంచి తొండూరులోని మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకుండానే, "అక్కా, అయ్యగారు పొయినారు. బయల్దేరు" అన్నాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. దాన్ని దించి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను.

చదివేవాళ్లకు ఆయనెవరో తెలియదు. జమ్మలమడుగు పక్కన మా పుట్టింటి ఊళ్లో చిన్న చర్చికి ఆయన పాస్టరు. ఆదివారం వాక్యం చెప్పేవారు. మిగతా రోజులు గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని ముతక పంచెలు నేసేవారు. జీతమిచ్చే క్రైస్తవ మిషన్ సంస్థ ఏదీ మాకు లేదు. పంచెలు ప్రొద్దుటూరు సంతకు పోయేవి. దానికి తోడు ఇంటింటి పిడికెడు. వంటకు గింజలు తీసినప్పుడల్లా ఆడవాళ్లు ముందు ఒక పిడికెడు అయ్యగారి పేరున ముంతలో వేసేవాళ్లు. శనివారానికి ఆ ముంతలన్నీ ఆయన ఇంటికి చేరేవి.

ఒకరింట జొన్న నూకలు, ఒకరింట కొర్రలు, కాస్త కలిగినవాళ్లింట బియ్యం. అన్నీ ఒకే కుండలో వండుకునేవారు. అది ఏనాడూ సరిగా ఉడికిన పాపాన పోలేదు. "నా సంఘం మాదిరే ఉండాది. కొన్ని మెత్తబడతాయి, కొన్ని ఎంత మంటబెట్టినా పలుకే" అని నవ్వేవారు. ఆ పలుకులు నేనూ తిన్నాను. అంత రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

కష్టం చెప్పుకోవడానికి ఎవరొచ్చినా ఆ మగ్గం పక్కనే కూర్చునేవాళ్లు. చాడీలైతే పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగేది కాదు, ఇంకా జోరుగా ఆడేది. కడుపులోని బాధ అయితే ఆగేది. తగాదా పడ్డవాళ్లు కూడా నా మాటకు నాడె ఆగిందంటే నా మాటకు ఆగిందని గొప్పలు పోయేవాళ్లు. ఆ చప్పుడు కోసం నా చెవులు ఇప్పటికీ వెతుక్కుంటాయి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక ఏడు చినుకు పడలేదు. అయ్యగారు ఆదివారం లేచి, వానలు పడేదాకా ఎవరూ పిడికెడు తీయొద్దన్నారు, తన పొట్ట మగ్గమే చూసుకుంటుందన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా అమ్మ మాత్రం ఇంటికొచ్చి ఆ ముంతను ముందు పెట్టుకుని కూర్చుంది. నాన్న పోయాక కూలికి పోయి మమ్మల్ని సాకుతున్న మనిషి.

మర్నాడు కొంగున కొర్రలు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మగ్గం దగ్గరికి పోయింది. అవి పిల్లలకు వండిపెట్టమని ఆయన తలెత్తకుండానే అన్నారు. అమ్మ కదల్లేదు.

"అయ్యా, ఊర్లో అందరి వాకిట్లో చెయ్యి చాపేదాన్ని నేను. నా చెయ్యి పైనుండేది ఈ పిడికెడు ఏసేటప్పుడే. దాన్ని గూడా వద్దంటే నేనేం గావాల?"

నాడె ఆగింది. ఆయన గుంటలోంచి లేచి వచ్చి, భుజం మీది తుండు తీసి రెండు చేతులా పట్టారు. అమ్మ కొంగు ముడి విప్పి, కొర్రలు గుప్పిట నిండా తీసి అందులో పోసింది.

"తప్పు నాదేమ్మా" అన్నారు. "మీ ఆకలి తీసేద్దామనుకుని, మీ మర్యాద తీసేసినా."

ఆ మాటే ఆ తర్వాతి ఆదివారం అందరి ముందూ చెప్పారు, అమ్మ పేరెత్తకుండా. ఆనాటి నుంచి శనివారం ఆయనే గడపగడపకూ వచ్చేవారు. ఇచ్చేది రెండు నూకలైనా తుండు రెండు చేతులా పట్టి తీసుకునేవారు. ఆ కరువంతా మగ్గం పొద్దుగూకేదాకా ఆడింది. పంచెలమ్మి తెచ్చిన జొన్నలు మాలాంటి ఇండ్లకు చేరేవి. అప్పుడు ఎవరూ చిన్నబోలేదు.

పోయిన వారం నేను ఊరు చేరేసరికి అయ్యగారి పెట్టె గుంటలోకి దించేశారు. ఒక్కొక్కరే పిడికెడు మన్ను వేసి పక్కకు తప్పుకుంటున్నారు. మా అమ్మ ఇప్పుడు బాగా వంగిపోయింది. మన్ను తీసుకుని, గుప్పిట ముందుకు చాపి, అట్లాగే నిలబడింది.

"అందరూ చూస్తాండారు, ఏసేయ్‌మా" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"తుండు పట్టేదెవురురా?" అంది అమ్మ.

ఇల్లు చేరేదాకా ఆ గుప్పిట విప్పలేదు.