ఎండలో పెట్టి చూడాల్సిన రంగు

మా వీధి మ్యాచింగ్ సెంటర్ బాబాయి మొన్న మంగళవారం పొద్దున గుండె ఆగి పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లు “పుణ్యాత్ముడు, సుఖంగా వెళ్లిపోయాడు” అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఏం సుఖం? చివరి రెండేళ్లు ఆ మనిషి చీకట్లో బతికారు.

నరసరావుపేటలో పెళ్లిచీర కొన్నవాళ్లు జాకెట్ గుడ్డకు ఆయన దగ్గరికే వచ్చేవారు. ట్యూబులైటు వెలుగులో చూసి ఆయన గుడ్డ చించేవారు కాదు. చీర, గుడ్డ తాను రెండూ చంకన పెట్టుకుని నడిరోడ్డు మీదికి వెళ్లేవారు. ఆటోవాళ్లు హారన్ కొడితే, “ఆగరా అబ్బాయ్, పెళ్లికూతురి చీర!” అని కసిరేవారు. ఓసారి నేను తొందరపెడితే, “లైటు మోసం చేసుద్దే అమ్మాయ్, ఎండలోకి రా” అన్నారు.

నడుము నొప్పి ముదిరి, గుంటూరులో వెన్నుపూసకు ఆపరేషన్ చేయించుకున్నారు. గంటల తరబడి బోర్లా పడుకోబెట్టి చేశారట. మెలకువ రాగానే “కరెంటు పోయిందా?” అని అడిగారు. గదిలో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. మత్తు ఇంకా దిగలేదంది నర్సు. పెద్ద డాక్టరును గట్టిగా అడిగితే ఏమనుకుంటారోనని పిన్నీ, మేమూ మర్యాదగా వరండాలో కూర్చున్నాం. మర్నాడు కళ్ల డాక్టరు వచ్చి చూశారు. ఆపరేషన్ జరుగుతుండగా రక్తం చాలక కంటి నరాలు దెబ్బతిన్నాయని, చూపు రావడం కష్టమని చెప్పారు.

ఆపరేషన్ చేసినాయన మాత్రం, “ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది. నడుము నొప్పి తగ్గిందిగా?” అన్నారు.

“ఆ ఒక్కడికన్నా ముందు చెప్పాలిగా సార్?” అన్నారు బాబాయి. “చెప్తే ఆలోచించుకునేవాణ్ణి. కళ్లు నాయి గదా!”

తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ డాక్టరు ఎక్స్‌రే చూసి బ్రహ్మాండంగా ఉందనడమే. ముందే చెప్పాల్సింది, మాదే తప్పు అన్న ఒక్క ముక్క ఆ నోట రాలేదు. బాబాయి కోరింది ఆ ముక్కే, అది వినకుండానే పోయారు. నా కోపం చల్లారదు, చల్లారాలనీ లేదు.

పోయిన నెల మా చెల్లెలి చీర తీసుకెళ్లాను. పిన్ని గుడ్డ తాను తీసిచ్చింది. బాబాయి రెండూ చంకన పెట్టుకుని, నా భుజం పట్టుకుని రోడ్డు మీదికి నడిచారు. మొహానికి ఎండ తగిలిన చోట ఆగి, చీరనూ గుడ్డనూ పక్కపక్కన పట్టుకున్నారు.

“చూడు. కలిసిందా?”

“కలవలేదు బాబాయ్.”

“అట్టా చెప్పాల” అన్నారు. కొట్టు వైపు తిరిగి, “ఏమే, ఇంకో తాను తే!” అని కేకేశారు.

పిన్ని తెచ్చేదాకా చేతులు దించకుండా ఆ ఎండలోనే నిలబడ్డారు. ఆటోలు హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయాయి.